కారులో వాడటానికి వాకీటాకీ కొంటున్నారా? ముందు కారు టాపు సంగతి చూడండి

రెండేళ్ల కిందట డిసెంబర్లో మేము రెండు కార్లలో రాజమండ్రి నుంచి భద్రాచలం బయల్దేరాం, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా. ముందు కారులో నేనూ మా ఆవిడా పిల్లలూ, వెనక కారులో నా స్నేహితుడి కుటుంబం. నాకూ వాడికీ హామ్ లైసెన్సు, అంటే సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే అమెచ్యూర్ రేడియో లైసెన్సు, ఉంది. ఇద్దరి దగ్గరా 5 వాట్ల హ్యాండ్‌సెట్లు, అంటే వాకీటాకీలు, ఉన్నాయి, బ్యాటరీలు నిండుగా ఛార్జ్ చేసుకున్నాం. మారేడుమిల్లి దాటాక ఫోన్లు పనిచేయవని తెలుసు, అయినా రేడియోలున్నాయి కదా అన్న ధైర్యం. ఘాట్‌లో మూడు మలుపులు తిరిగేసరికి వాడి గొంతు గరగరలాడుతూ ముక్కలైపోయింది, నాలుగో మలుపు దగ్గర పూర్తిగా పోయింది. సరిగ్గా అప్పుడే వాడి కారుకి పంక్చర్ అయింది. వాడు ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడట, మాకు ఒక్క మాట కూడా వినబడలేదు. వెనకాలే వస్తున్నాడనుకుని చింతూరు దాకా వెళ్లిపోయి, అక్కడ గంటా పావు ఎదురుచూసి, భయం పట్టుకుని వెనక్కి తిరిగాం. అడవిలో రోడ్డు పక్కన వాడి చంటిపిల్ల ఏడుస్తూ, వాడు ఒక్కడే జాకీతో కుస్తీ పడుతూ కనిపించిన ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఇంటికొచ్చాక ఇద్దరికీ తట్టిన ఆలోచన ఒక్కటే. 5 వాట్లు చాలట్లేదు, 8 వాట్లదో 10 వాట్లదో కొనాలి. నేను కొన్నాను కూడా. ఆ ఆలోచన తప్పని తెలియడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అందుకే ఇప్పుడు ఎవరైనా "అన్నా, కారులో పెట్టుకోడానికి ఏ హ్యాండ్‌సెట్ మంచిది" అని అడిగితే బడ్జెట్ ఎంత అని అడగను, నీ కారు టాపు ఇనుమా, ఫైబరా, అద్దమా అని అడుగుతాను.

ఎందుకో చెప్తాను. హ్యాండ్‌సెట్‌తో పాటు వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా జేబులో పట్టడానికి చేసింది, దూరం వెళ్లడానికి కాదు. మేము మాట్లాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు, అందులో పావు వంతు కడ్డీ అంటే దాదాపు అర మీటరు, కత్తిరించి సరిచేశాక 49 సెంటీమీటర్లకి అటూ ఇటూగా వస్తుంది. ఆ అర మీటరు పని చేయాల్సిన చోట జానెడు రబ్బరు గొట్టంలో చుట్టిన తీగ ఉంది. పైగా దాన్ని తీసుకెళ్లి నాలుగు వైపులా ఇనుప రేకులున్న పెట్టెలో కూర్చోబెట్టాం. సిగ్నల్ బయటికి పోవడానికి కిటికీ అద్దాలే దారి. కిటికీ అంచు కంటే కింద పెట్టుకుంటే అదీ లేదు. మా ఘాట్ ప్రయాణంలో రెండు కార్లదీ ఇదే పరిస్థితి, అంటే నష్టం రెండు వైపులా జరిగింది.

వాట్ల లెక్క చూద్దాం. 5 నుంచి 8 వాట్లకి వెళ్తే పెరిగేది 2 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క). వినేవాడి చెవికి ఆ తేడా తెలియడమే కష్టం. 5 నుంచి 50కి వెళ్తే, అంటే పది రెట్లు పెంచితే, 10 డెసిబెల్స్. కారు లోపలి రబ్బరు యాంటెన్నా తీసేసి టాపు మీద సరైన కడ్డీ పెడితే ఇంచుమించు ఆ పదీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఒక్క వాటు కూడా పెంచకుండా వచ్చేస్తాయి. నేను ఇది కాగితం మీద నమ్మలేదు, రోడ్డు మీద చూశాను. స్నేహితుడు రాజమండ్రిలో వాళ్ల డాబా మీద యాంటెన్నా పెట్టుకుని కూర్చున్నాడు, నేను కోరుకొండ రోడ్డులో వెళ్తూ పిలిచాను. కారులో రబ్బరు యాంటెన్నాతో ఆరేడు కిలోమీటర్ల దగ్గరే మాట తెగిపోయింది. అదే సెట్టుకి టాపు మీది యాంటెన్నా తగిలిస్తే కోరుకొండ దాటాక కూడా మాట స్పష్టంగా ఉంది. 8 వాట్ల కొత్త సెట్టు రబ్బరు యాంటెన్నాతో పాత 5 వాట్ల దానికంటే ఎంత ముందుకి వెళ్లిందో చెప్పమంటే, ఏడు దగ్గర తెగాల్సింది ఏడున్నర దగ్గర తెగింది.

ఇంకో మాట, ఇది చాలామంది ఆలోచించరు. వాట్లు పెంచితే నీ గొంతు అవతలివాడికి గట్టిగా వెళ్తుంది, అంతే, వాడి గొంతు నీకు ఒక్క పిసరు కూడా ఎక్కువ వినబడదు. ఆ రోజు ఘాట్‌లో నా చేతిలో 50 వాట్ల సెట్టున్నా వాడి పిలుపు నాకు వినబడేది కాదు. యాంటెన్నా మంచిదైతే చెప్పడమూ బాగుంటుంది, వినడమూ బాగుంటుంది.

కాబట్టి ముందు యాంటెన్నా కొనండి. ఇనుప టాపు ఉంటే అయస్కాంతం బేసు ఉన్నది తీసుకోండి, టాపు మధ్యలో పెట్టండి, ఎందుకంటే ఆ రేకే యాంటెన్నాకి నేలలాగా పనిచేస్తుంది, అంచుకి పెడితే ఒక వైపుకి బలహీనపడుతుంది. పెట్టేముందు దుమ్ము తుడవండి, లేకపోతే రంగు మీద గీతలు పడతాయి. ఈమధ్య కార్లకి టాపంతా అద్దమే ఉంటోంది, కొన్ని జీపులకి ఫైబర్ టాపు, వాటికి అయస్కాంతం అంటుకోదు, అంటుకున్నా కింద రేకు లేదు. అలాంటివాళ్లు కింద నేల అక్కర్లేని అర్ధ తరంగం యాంటెన్నాని బానెట్ అంచుకో వెనక డోరుకో క్లాంపుతో బిగించుకోవడం మేలు. కేబుల్ వెనక డోర్ పై అంచు రబ్బరు గుండా లోపలికి తెచ్చుకుంటే డోర్ వేసినా నలగదు. లోపలికి వచ్చేముందు కేబుల్ని కాస్త కిందికి వంచి పైకి తీసుకురండి, వానాకాలంలో నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లేకపోతే కేబుల్ వెంటే సీటు మీదికి వస్తాయి. ఆర్‌జీ-58 అనే రకం యాంటెన్నా కేబుల్ నాలుగు మీటర్లుంటే నష్టం ఒక డెసిబెల్ లోపే. అంతకన్నా సన్నటి కేబుల్ వంచడానికి బాగుంటుంది కానీ ఎక్కువ తినేస్తుంది.

ఇక సెట్టు. యాంటెన్నా టాపు మీదికి వెళ్లాక సెట్టు ఎంపికే మారిపోతుంది, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మూడు వేల లోపు దొరికే బాఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి చైనా సెట్లలో రిసీవర్ (సిగ్నల్ని పట్టి వినిపించే భాగం) పని దాదాపు మొత్తం ఒక్క చిప్పులోనే అయిపోతుంది. రబ్బరు యాంటెన్నాతో చేతిలో పట్టుకున్నప్పుడు అది బాగానే ఉంటుంది. పెద్ద యాంటెన్నా తగిలించగానే కావలసిన సిగ్నల్‌తో పాటు చుట్టుపక్కల టవర్ల సిగ్నళ్లన్నీ లోపలికి వచ్చి పడతాయి, వాటిని వడగట్టే శక్తి దానికి లేదు. నా సెట్టు అడవిలో చక్కగా పనిచేసేది, రాజమండ్రి ఊళ్లోకి రాగానే టవర్ల మధ్య చెవిటిదైపోయేది, లేదా ఎవరూ మాట్లాడకుండానే గర్రుమని తెరుచుకునేది. కారు కోసం కొంటున్నారంటే రిసీవర్ కోసం డబ్బు పెట్టండి. సూపర్‌హెటరోడైన్ రిసీవర్ (అక్కర్లేని సిగ్నళ్లని బాగా వడగట్టే రకం) ఉన్న, జపాన్ కంపెనీ యేసు (Yaesu) చేసిన ఎఫ్‌టీ-60ఆర్ లాంటి సెట్టు సెకండ్ హ్యాండ్‌లో మంచి స్థితిలో దొరికితే, రంగుల స్క్రీను లేదని చూడకుండా నేనైతే అదే తీసుకుంటాను, తీసుకున్నాను కూడా. చైనా సెట్టుని తిట్టడం నా ఉద్దేశం కాదు. లైసెన్సు కొత్తగా వచ్చిన కుర్రాడు దానితో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు, నేనూ అలాగే మొదలుపెట్టాను, కానీ దానికి టాపు మీది యాంటెన్నా పెట్టి ఊరు మధ్యలో తిరుగుతూ బాగా వినబడాలంటే కుదరదు.

సాకెట్ గురించి ఒక జాగ్రత్త. హ్యాండ్‌సెట్ల మీద ఎస్‌ఎంఏ అనే చిన్న మరల సాకెట్ ఉంటుంది. యూవీ-5ఆర్‌లో సూది సెట్టు వైపు ఉంటుంది, యేసులో యాంటెన్నా వైపు ఉంటుంది. ఒకదాని కోసం కొన్న అడాప్టర్ ఇంకోదానికి పట్టదు, నేను రెండుసార్లు తప్పు తెప్పించుకున్నాను. బరువైన కేబుల్ని తిన్నగా ఆ చిన్న సాకెట్‌కి వేలాడదీయకండి. గుంతల రోడ్డులో కేబుల్ ఊగిన ప్రతిసారీ ఆ సాకెట్ లోపల అతుకు కదులుతుంది, ఏడాదిలో ఊడుతుంది. మధ్యలో ఒక జానెడు సన్న కేబుల్ ముక్క పెట్టుకుంటే బరువంతా దాని మీదే ఆగిపోతుంది.

కరెంటు సంగతి కూడా సెట్టు కొనేముందే చూసుకోవాలి. కొన్ని సెట్లకి పక్కనే డీసీ పిన్ను ఉంటుంది, కారు 12 వోల్టులు దానికి నేరుగా ఇవ్వొచ్చు. యూవీ-5ఆర్‌కి అది లేదు, బ్యాటరీ తీసేసి ఆ చోట బ్యాటరీ ఎలిమినేటర్ అనే డబ్బా తగిలించి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టాలి, దిగేటప్పుడు మళ్లీ బ్యాటరీ మార్చాలి. 5 వాట్ల హ్యాండ్‌సెట్ మాట్లాడేటప్పుడు లాగేది ఒకటిన్నర ఆంపియర్లు, రెండు ఆంపియర్లు, కాబట్టి ఆ సాకెట్‌కి భారమేమీ కాదు. భారమంతా రొదతోనే. చవక యూఎస్‌బీ ఛార్జర్లు, అంతకంటే ఎక్కువగా డ్యాష్‌క్యామ్‌లు, ఈ బ్యాండులో గుయ్యిమని రొద పుట్టిస్తాయి. వారం రోజులు రేడియో పాడైందనుకుని దిగులు పడ్డాను, చివరికి డ్యాష్‌క్యామ్ వైరు పీకగానే నిశ్శబ్దం. మీకు దూరం స్టేషన్లు వినబడట్లేదంటే ముందు కారులో ఉన్న ఛార్జర్లన్నీ ఒక్కొక్కటే పీకి చూడండి.

స్పీకర్ కూడా. చేతిలో ఇంటి దగ్గర గట్టిగా వినిపించే సెట్టు డీజిల్ ఇంజిను, ఏసీ, పిల్లల గోల మధ్య వినబడదు. బయటి స్పీకర్ పెట్టుకునే పిన్ను ఉందో లేదో చూడండి, ఐదారొందల స్పీకర్ ఒకటి కొని సీటు పక్కన పెట్టుకోండి. సెట్టుని ఎయిర్‌బ్యాగ్ ముందు మాత్రం బిగించకండి. ఎండాకాలంలో డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి కూడా, మే నెలలో తలుపులేసి ఉన్న కారులో లిథియం బ్యాటరీని వదిలితే అది ఉబ్బుతుంది, నా మొదటి సెట్టు బ్యాటరీ అలాగే పోయింది.

ఇక్కడిదాకా చదివినవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు, ఇంత తతంగం ఎందుకు, కారుకనే చేసిన 50 వాట్ల మొబైల్ రిగ్గు బిగించుకోవచ్చు కదా అని. న్యాయమైన ప్రశ్న. రోజూ వందలాది కిలోమీటర్లు తిరిగేవాళ్లు, దూరపు రిపీటర్లతో (ఎత్తు మీద ఉండి మన మాటని అందుకుని మళ్లీ పంపే స్టేషన్లు) మాట్లాడేవాళ్లు అదే కొనుక్కోవాలి, దాని రిసీవర్ కూడా హ్యాండ్‌సెట్ కంటే బాగుంటుంది. దానికి పది పన్నెండు ఆంపియర్లు కావాలి, కాబట్టి లైటర్ సాకెట్ పనికిరాదు, బ్యాటరీ నుంచి ఫ్యూజులతో సొంత వైరింగు లాగించుకోవాలి. నేను మాత్రం హ్యాండ్‌సెట్ దగ్గరే ఆగాను, దానికి కారణం హుద్‌హుద్.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు నేను ఉద్యోగరీత్యా అక్కడే ఉన్నాను. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, రోడ్డు మీద ఎటు చూసినా చెట్లు. కారు ఉంది, కానీ వీధి చివర దాకా కూడా కదిలే దారి లేదు. మా అమ్మానాన్నలకి నేను బతికే ఉన్నానని చెప్పడానికి రెండు రోజులు పట్టింది. అలాంటి రోజుల్లో హామ్‌లు ఏం చేస్తారో అప్పటికి నాకు సరిగ్గా తెలియదు. 2004 డిసెంబర్లో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉన్న హామ్ భారతి ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్ నుంచి రేడియో మీద సమాచారం చేరవేసిన సంగతి, హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉందన్న సంగతి, అన్నీ ఆ తర్వాతే తెలిశాయి. లైసెన్సు పరీక్షకి కూర్చున్నది ఆ రెండు రోజుల వల్లే. అందుకే నాకు కారులోంచి పీకి భుజాన వేసుకుని చెట్టు దాటి నడిచి వెళ్లగలిగే రేడియో కావాలి. ఘాట్‌లో పంక్చరైన మా వాడు కూడా చేతిలో సెట్టు పట్టుకుని వంద మీటర్లు గుట్ట ఎక్కి ఉంటే, నా కారు మీద యాంటెన్నా ఉండి ఉంటే, వాడి మాట నాకు అందే అవకాశం ఉండేది. డ్యాష్‌బోర్డుకి బిగించిన రిగ్గుతో గుట్ట ఎక్కలేం.

చట్టం విషయం దాటేయలేను, ఎందుకంటే "లైసెన్సు ఎందుకన్నా, ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే వచ్చేస్తుంది కదా" అని అడిగేవాళ్లు వారానికొకరు తగులుతారు. వచ్చేది, నిజమే. అలా అమ్మకూడదనే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ కంపెనీలకి నోటీసులిచ్చింది, మార్గదర్శకాలు కూడా తెచ్చింది. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ హామ్‌ల బ్యాండు, పరీక్ష పాసై వీయూ2, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్నవాళ్లే అందులో మాట్లాడాలి, అదీ ఇంకో లైసెన్సు ఉన్నవాళ్లతోనే. మా బావ మూడో కారులో వస్తానన్నప్పుడు వాడికి నా పాత సెట్టు ఇవ్వలేదు, వాడు చిన్నబుచ్చుకున్నాడు, అయినా ఇవ్వలేదు. లైసెన్సు లేనివాళ్లకి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లున్నాయి, ఈటీఏ (ఆ రకం పరికరానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉన్నది చూసి కొనుక్కోవాలి. దూరం తక్కువే, కానీ దగ్గరదగ్గరగా ముందూ వెనకా వెళ్లే రెండు కార్లకి సరిపోతుంది. 5 వాట్ల హామ్ సెట్టుని ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పుకుంటే మాత్రం అది లైసెన్సు అక్కర్లేని సెట్టు అయిపోదు.

ఇది మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఇంకా ముఖ్యం. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు పోలీసు తనిఖీలు ఎందుకుంటాయో మనందరికీ తెలుసు. అక్కడ కాగితాల్లేకుండా కారులో వాకీటాకీ దొరికితే దాన్ని సరదా వస్తువని ఎవరూ అనుకోరు, అనుకోనక్కర్లేదు కూడా. నా లైసెన్సు కాపీ ఆర్‌సీ పుస్తకం పక్కనే ఉంటుంది. ఒకసారి ఒక చెక్‌పోస్టు దగ్గర ఎస్సై గారు టాపు మీది యాంటెన్నా చూసి ఆపారు, లైసెన్సు చదివి, తుఫానులప్పుడు మీరేనా మాట్లాడేది అని అడిగి, ఐదు నిమిషాల్లో పంపించేశారు.

మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 184 ఉంది, 2019 సవరణ తర్వాత బండి నడుపుతూ చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. ఫోను కాదు కదా రేడియోనే కదా అని వాదించే వాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఘాట్ మలుపులో ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కుతూ వెళ్లడం చట్టం ఒప్పుకున్నా చేయకూడని పని. పక్క సీట్లో ఉన్నవాళ్లకి సెట్టు ఇద్దామంటే వాళ్లకి లైసెన్సు ఉండాలి. అందుకే మారేడుమిల్లి దగ్గర కారు ఆపి మేము సీట్లు మారతాం, అక్కడి నుంచి చింతూరు దాకా మా ఆవిడ నడుపుతుంది, ఘాట్‌లో నాకంటే బాగా నడుపుతుంది కూడా, నేను పక్కన రేడియో పట్టుకుని కూర్చుంటాను.

మొన్న సంక్రాంతి తర్వాత అదే దారిలో మళ్లీ వెళ్లాం, రెండు కార్ల టాపుల మీదా పావు తరంగం కడ్డీలతో, అదే 5 వాట్లతో. రంపచోడవరం దాకా ఉన్న దారిలో పది కిలోమీటర్ల ఎడమున్నా మాట తెగలేదు. ఘాట్‌లో మూడు నాలుగు కిలోమీటర్ల దాకా వినబడింది, అదీ మధ్యమధ్య గొంతు వణుకుతూ. ఒక్క చోట, కొండ అడ్డంగా వచ్చే చోట, పక్కపక్కనే ఉన్నట్టున్నా ఏమీ వినబడలేదు. కొండని దాటించే యాంటెన్నా ఏదీ లేదు, రిపీటర్ ఉంటే తప్ప. కాబట్టి ఒక ఒప్పందం చేసుకున్నాం. ముందు కారు ప్రతి ఐదు నిమిషాలకి పిలుస్తుంది, రెండు పిలుపులకి జవాబు రాకపోతే రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకి ఆగుతుంది, పావుగంటలో వెనక కారు కనబడకపోతే తిరిగి వస్తుంది. ఆ రోజు రెండుసార్లు అలా ఆగాం, రెండుసార్లూ మూడు నిమిషాల్లోపే వాడి హెడ్‌లైట్లు మలుపులో కనిపించాయి.